తోక తెగిన మాట

మనలాంటి వాళ్ళ ఫోటో వీధిలో అంత పెద్దగా పెట్టారంటే కారణాలు రెండే ఉంటాయి. మనిషి తప్పిపోవడం, లేకపోతే పోవడం. మంగళవారం పొద్దున బస్సు కిటికీలోంచి నా కూతురి ముఖం కనబడగానే నాకు తోచినవి ఆ రెండే.

నాలుగు రోడ్లు కలిసే చోట మూడంతస్తుల భవనం పక్కగోడకు ఒక ఇనుప చట్రం ఉంది. మొన్నటిదాకా దానిమీద పరుపుల ప్రకటన ఉండేది. ఇప్పుడు నా కూతురు ఉంది. ఒక్కో కన్ను తలుపంత. రెండేళ్ళప్పుడు మంచం కోడు తగిలి నుదుటిమీద పడిన మచ్చ, కన్నతల్లిని నేను తప్ప ఎవరూ గమనించనిది, పళ్ళెమంత అయి కూర్చుంది.

నేను అరిచినట్టున్నాను. బస్సులో అందరూ తిరిగి చూశారు.

“ఇక్కడ స్టాపు లేదమ్మా,” అన్నాడు కండక్టరు.

“ఆపకపోతే దూకేస్తాను.”

ఆపాడు. దిగాను. ఫోను తీస్తే వేలు ఒకచోట పెట్టబోతే ఇంకోచోట పడుతోంది. నాలుగు రింగులు మోగింది. ఆ నాలుగు రింగుల్లో నేను ఆస్పత్రికి వెళ్ళివచ్చాను, పోలీసు స్టేషను మెట్లెక్కాను, బస్సు డిపోలో మెకానిక్కుగా ఉన్న మా ఆయనకు ఈ కబురు ఎలా చెప్పాలో కూడా కూడబలుక్కున్నాను.

“ఏంటమ్మా? షాపులో కస్టమర్ ఉన్నారు.”

“నువ్వు ఉన్నావా?”

“ఉన్నానా అంటే?”

“బతికే ఉన్నావా అని.”

“ఇప్పటిదాకా అయితే ఉన్నాను. నీ గొంతు వింటుంటే ఇక అనుమానమే. ఏమైంది?”

“నీ ఫోటో. కూడలిలో. గోడంత.”

“ఓ, వేసేశారా? సినిమావాళ్ళు నన్ను అడిగే వేశారమ్మా. ఇవాళ సాయంత్రం నిన్ను తీసుకెళ్ళి చూపిద్దామనుకున్నా. పక్కన ఏం రాశారో చదువు.”

నేను చదివింది ఏడో తరగతి. అయినా మనిషెత్తు అక్షరాలు చదవడానికి ఏడో తరగతి చాలు. “అమ్మతో కలిసి చూడాల్సిన సినిమా,” అని చదివాను.

“ఆ తర్వాత?”

“తర్వాత ఏముంది, పక్క బిల్డింగు ఉంది.”

“కాదమ్మా, ఇంకో మాట ఉండాలి. కింద చూడు.”

“కింద నీ గడ్డం ఉంది.”

“దాని కింద?”

“నేను కుట్టిన కాలరు ఉంది.”

అటునుంచి మాట రాలేదు. ఫోను తెగిపోయిందనుకున్నాను. తెగలేదు. దాని ఊపిరి వినబడుతోంది. అరిచినా భయపడనుగానీ, నోరున్న పిల్ల నోరు మూసుకుంటే నాకు గుండె జారిపోతుంది.

నోరున్న పిల్ల అని ఊరికే అనడం లేదు. దాన్ని ఇంట్లో అందరం ఇంటర్వెల్ అంటాం. కడుపుతో ఉన్నప్పుడు నన్నూ మా ఆయన్నీ మా తమ్ముడు సినిమాకు తీసుకెళ్ళాడు. ఇంటర్వెల్‌లో నొప్పులొచ్చాయి. మూడు గంటల్లో ఇది పుట్టింది. “నీవల్ల ఆ సినిమా రెండో సగం ఇప్పటికీ చూడలేదే, నా టికెట్టు నాకు తిరిగివ్వు” అని మా తమ్ముడు ఇరవై మూడేళ్ళుగా మేనకోడల్ని ఏడిపిస్తూనే ఉన్నాడు.

తను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. పొద్దస్తమానం మనుషుల కళ్ళముందు అద్దాలు మార్చి “ఇది స్పష్టంగా ఉందా, ఇందాకటిదా?” అని అడగడమే పని. అది ఉద్యోగం. ప్రాణం మాత్రం సినిమా. శుక్రవారం మొదటి ఆట చూస్తుంది. మర్నాడు మా షాపుకొచ్చి తలుపేసి, ఫోను ముందు కూర్చుని, చూసింది చూసినట్టు చెబుతుంది. మాది మెట్లకింద ఇరుకు గది. నేను కుట్టడం తక్కువ, విప్పి సరిచెయ్యడం ఎక్కువ. పొడుగు తగ్గించడం, నడుము వదులు చెయ్యడం, జిప్పులు మార్చడం. తగిలించిన బట్టలు నాలుగు గోడలకూ ఉంటాయి కాబట్టి అందులో గొంతు బాగా వస్తుందట. అలా ఊళ్ళోవాళ్ళ ప్యాంట్ల మధ్య కూర్చుని సినిమావాళ్ళ బట్టలు విప్పుతుంది.

“ఈ రోజుల్లో సినిమా తియ్యడానికి ఏడాది, పొగుడుకోవడానికి రెండేళ్ళు,” అంటుంది. “పేరు ఎప్పుడు చెబుతారో చెప్పడానికి ఒక వీడియో. ఆ పేరు మీద ఒక వీడియో. పాటలో పావు నిమిషం వదిలి, మిగతా పాట ఎప్పుడొస్తుందో చెప్పడానికి ఇంకొకటి. ట్రైలర్లో కథంతా చెప్పేస్తారు. ఇక హాల్లో మనకు మిగిలేది హీరో నడక. గేటు దగ్గర్నుంచి గుమ్మం దాకా నడవడానికి అయిదు నిమిషాలు. మా అమ్మ కూరగాయల సంచీ మోసుకుంటూ ఇంతకన్నా తొందరగా వస్తుంది. కథేదిరా బాబూ అంటే రెండో భాగంలో ఉందంటారు. మొదటి ఆట అవకముందే విజయోత్సవం. పెళ్ళిచూపులకు వచ్చినవాడు పిల్లాడి బారసాలకు పిలిచినట్టుంది.”

నేను మిషను ఆపుకుని వింటూ ఉంటాను. నవ్వొస్తుంది, వెంటనే భయమేస్తుంది. ఎవడైనా అభిమాని పట్టుకుని కొడితే? ఉద్యోగం పీకించేస్తే? “కాస్త చూసి మాట్లాడవే” అంటాను. “చూసే మాట్లాడుతున్నానమ్మా” అంటుంది.

పదకొండు వేల మంది దాని మాట వింటారు. అది బాగుందంటే వెళ్తారు, బాగాలేదంటే మానేస్తారు. డబ్బులిస్తాం పొగడమని ఒకరిద్దరు అడిగితే ఆ అడిగిన సంగతే వీడియోలో చెప్పేసింది. ఆ వారమంతా నాకు నిద్రలేదు.

కిందటి శుక్రవారం ఈ సినిమాకు నన్ను కూడా లాక్కెళ్ళింది. “ఈసారి నువ్వు రావాల్సిందే. తల్లీకొడుకుల కథట. పాట విన్నావుగా?” విన్నాను. ఆ జోలపాట నెలరోజులుగా బస్సుల్లో, బడ్డీకొట్లలో మోగుతూనే ఉంది. నేను కూడా మిషను తొక్కుతూ కూనిరాగం తీశాను.

హాల్లో కూర్చున్నాం. పది నిమిషాల్లో ఆ తల్లిని చంపేశారు. ఊరికే చంపితే సరిపోయేది. కొడుకు చూస్తుండగా, నెమ్మదిగా, అదే జోలపాట వేసి చంపారు. నేను కళ్ళు మూసుకున్నాను. చెవులకు రెప్పలుండవు కదా. ఇంటర్వెల్ దాకా అలాగే బిగదీసుకుని కూర్చుని, లైట్లు వెలగ్గానే లేచాను. మెట్లు దిగుతుంటే అమ్మాయి నడుము పట్టుకుని దింపింది.

“మనింట్లో ఎవరికీ రెండో సగం రాసిపెట్టిలేదు,” అని నవ్వించబోయింది.

మర్నాడు ఒక్కతే వెళ్ళి మొత్తం చూసొచ్చింది. సగం చూసి తీర్పు చెప్పకూడదట. తర్వాత మా షాపులో కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పింది. కెమెరా బాగుందంది. కుర్రాడు బాగా చేశాడంది. చివర్లో ఒక్క క్షణం నావైపు చూసి, “మా అమ్మతో కలిసి వెళ్ళాను. నా తప్పే. ఇది అమ్మతో కలిసి చూడాల్సిన సినిమా కాదు,” అంది.

ఆదివారం ఆ సినిమా పబ్లిసిటీ ఆఫీసునుంచి అడిగారట, మీ మాట, మీ ఫోటో వేసుకోవచ్చా అని. ఒక్క అక్షరం కూడా మార్చకుండా వేస్తామంటే వేసుకోండని ఇది రాసిచ్చింది. తిట్టిన మాట వాళ్ళకెందుకో దీనికి అర్థం కాలేదట. కానీ నిజం అంత పెద్ద అక్షరాల్లో పడుతుందంటే ఆశపడింది.

ఇప్పుడు ఆ నిజానికి తోక లేదు.

షాపు తెరిచి మిషను ముందు కూర్చున్నానే గానీ సూదిలో దారం ఎక్కడంలేదు. పదకొండింటికి పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే అమ్మాయి తెల్లకోటు కోసం వచ్చింది. ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి, ఇవాళ గుమ్మం దగ్గరే నిలబడింది.

“కోటు అయిందా అక్కా?”

“ఎడమ చెయ్యి మిగిలింది. పావుగంట కూర్చో.”

“ఫర్వాలేదు, అలాగే ఇచ్చెయ్యండి.”

ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి ఉన్న కోటు ఎవరైనా పట్టుకెళ్తారా? ఏమైందమ్మా అన్నాను.

“ఏం లేదక్కా. నిన్న మధ్యాహ్నం మీ అమ్మాయి బోర్డు చూశాను. అమ్మతో కలిసి చూడాల్సిన సినిమా అని. మా అమ్మ గడప దాటి ఎన్నాళ్ళయిందో. బలవంతం చేసి తీసుకెళ్ళా. ఆ చంపే దగ్గర అమ్మకు కళ్ళు తిరిగాయి. మెట్లమీద కూలబడిపోయింది. మోకాలు చీరుకుపోయింది. ఇంకా చెయ్యి వణుకుతూనే ఉంది.” కోటు మడిచి చంకలో పెట్టుకుంది. “నేనేం అనడం లేదు. మీ అమ్మాయి చెబితే నిజమే అయ్యుంటుందనుకున్నా. అంతే.”

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. వెళ్ళాక కూడా ఆ “అంతే” అన్న మాట గదిలోనే ఉండిపోయింది.

ఒక మోకాలితో పోయింది. ఇవాళ ఆరింటి ఆటకు ఇంకెంతమంది వెళ్తారు? గుండెజబ్బు తల్లులు, రక్తపోటు తల్లులు, ముందురోజే ఆపరేషనై వచ్చిన తల్లులు, అందరూ నా కూతురి ఫోటోకేసి చూసి, చీర సర్దుకుని బయల్దేరుతున్నట్టు కనిపించింది.

భోజనాల వేళకు అమ్మాయి వచ్చింది. ఫోను నా ముందు పెట్టింది. ఎవరెవరో రాశారు. “ఎంతకు అమ్ముడుపోయావ్?” “శనివారం కాదు, సోమవారం అవును.” “అమ్మను అడ్డం పెట్టుకుని అమ్ముకుంటావా?” చదువుతుంటే నా చెవులు కాలిపోయాయి.

“బోర్డు మీద ఉన్నది నేను అన్నది కాదని రాశాను. సారీలు తర్వాత, ముందు బోర్డు దింపు అంటున్నారు,” అంది. “అమ్మా, నాకున్నది అదొక్కటే. నేను చెబితే నిజమని కొంతమంది నమ్ముతారు. అది పోతే ఇక నేను నోరెత్తినా ఒకటే, ఎత్తకపోయినా ఒకటే.”

“పోనీ, వాళ్ళెందుకు కోశారంటావు?”

“ఎందుకేముంది? మన భాషలో ‘కాదు’ చివర్లో వస్తుంది. ఎంత పెద్ద మాటయినా తోక కోస్తే చాలు, కాదన్నది అవునవుతుంది.”

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను రోజూ కత్తిరించేదాన్నే. జానెడు పొడుగు తగ్గించినా ఆ ముక్క పారెయ్యను. మడిచి జేబులో పెట్టి ఇస్తాను. రేపు కావాలంటే అదే రంగు, అదే నేత ఎక్కడ దొరుకుతుంది? నా కూతురి మాట కోసిన మనిషి ఆ ముక్క ఎక్కడ పెట్టాడో అడగాలనిపించింది.

“పద,” అన్నాను.

పబ్లిసిటీ ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు మధ్యలో ఆగిపోతే గాలాడదని నేను మెట్లెక్కాను. పైకి చేరేసరికి గొంతులో తిట్లకు కూడా ఊపిరి లేదు. గోడలనిండా రక్తం కారుతున్న మొహాలే. వాటికింద గాజుబల్ల దగ్గర మా అమ్మాయి వయసుదే ఇంకో అమ్మాయి, రెండు ఫోన్లు, మూడు కంప్యూటర్లు ముందేసుకుని కూర్చుంది. మమ్మల్ని చూసి ఎగిరి గంతేసింది.

“మీరేనా! రండి రండి. మీ మాటకు ఎంత పేరొచ్చిందో తెలుసా? ఆంటీ, మీరేనా ఆ అమ్మ?”

“నేనే. మా పిల్ల మాట ఎందుకు కోశారు?” అన్నాను. ఆయాసంలో అంతే వచ్చింది.

“కోయడమేంటి?”

అమ్మాయి తన ఫోన్లో కూడలి ఫోటో చూపించింది. వచ్చేటప్పుడు తీసింది. పబ్లిసిటీ అమ్మాయి ఆ ఫోటో పెద్దది చేసింది, చిన్నది చేసింది, మళ్ళీ పెద్దది చేసింది. చెయ్యి తీసి నోటికి అడ్డం పెట్టుకుంది.

“కాదు ఏది?”

“అదే మేమూ అడుగుతున్నాం,” అంది మా అమ్మాయి.

ఆ అమ్మాయి గబగబా ఒక కంప్యూటరు మావైపు తిప్పింది. అదే ఫోటో. పక్కన అవే తెల్లక్షరాలు. కింద, నేను కుట్టిన కాలరు మీద, అన్నింటికంటే పెద్దగా, ఎర్రటి ఎరుపులో “కాదు” అని ఉంది.

నేను కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను. ఇది నేను అనుకోని దెబ్బ.

“మీరే రాయించారా? మీ సినిమాను మీరే వద్దనుకున్నారా?”

“వద్దనుకోవడం కాదు ఆంటీ. బాగుంది, బాగుంది అని ఎంత అరిచినా ఎవరూ ఆగి చూడటంలేదు. ప్రతి సినిమాకూ అదే మాట కదా. కాదు అంటేనే జనం బస్సాపి చూస్తారు.”

బస్సాపింది నేనే. నోరు మూసుకున్నాను.

“ముందు అమ్మపాట వేసి అమ్మలందర్నీ పిలిచింది మీరు,” అంది మా అమ్మాయి. “ఇప్పుడు అమ్మలు రాకూడదని అమ్ముకుంటున్నదీ మీరే.”

“మొదటి మూడు రోజులు ఒక జనం, ఆ తర్వాత ఇంకో జనం,” అంది ఆ అమ్మాయి. సిగ్గుపడినట్టే ఉంది, మా కళ్ళలోకి చూడలేదు. “కానీ నేను మాట తప్పలేదు. ఒక్క అక్షరం మార్చకుండా పంపాను. కావాలంటే తేదీ చూడండి.”

“కడితే ఎలా ఉందో వెళ్ళి చూడలేదా?”

“కంప్యూటర్లో చూశాం కదండీ. గోడ దగ్గరికెళ్ళి ఎవరు చూస్తారు?”

నలభై చోట్ల కట్టారట. కట్టించినవాళ్ళలో ఒక్కరూ తలెత్తి చూడలేదు. ప్రింటింగువాళ్ళే ఏదో చేశారంటూ ఫోను అందుకుని షాపు పేరు చదివింది. ఆ పేరు నాకు తెలుసు. మా ఇంట్లో మా తమ్ముడు టీ తాగే కప్పుమీద రాసి ఉంటుంది. వాడు పనిచేసేది అక్కడే.

“ఆగమ్మా,” అన్నాను. నా చెయ్యి ఆ ఫోను మీద పడింది. “వాళ్ళకు నువ్వు చెప్పకు. నేను చెబుతాను.”

“ఆరింటి ఆటలోపల ఆ మాట గోడమీద పడాలి ఆంటీ. లేకపోతే ఇద్దరం పోతాం, నేనూ ఆ షాపూ.”

ప్రింటింగు షాపులో రంగుల వాసన ముక్కుపుటాలు కాల్చేస్తుంది. మంచమంత మిషను అటూఇటూ కదులుతూ ఎవరి మొహాన్నో గీత గీతగా అచ్చేస్తోంది. మా తమ్ముడు గోళ్ళనిండా నీలిరంగుతో ఎదురొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

“చూశావా అక్కా! నలభై! నలభై చోట్ల! ఫైలు తెరవగానే ఎవరా అని చూస్తే మన ఇంటర్వెల్. ఆ చెయ్యి, ఈ చెయ్యి పడకుండా నేనే దగ్గరుండి వేశా. మచ్చ కూడా ఎంత బాగా వచ్చిందో!”

“కింద ఎర్రక్షరాలు ఏం చేశావురా?”

“తీసేశా.”

ఎంత తేలిగ్గా అన్నాడో.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. వాళ్ళ పనిలో తప్పులు దిద్దేది ఎరుపుతోనే. ఫైలు చూసి కస్టమర్లు ఎర్రక్షరాలతో ఫోటోమీదే రాసి పంపుతారు. ఇది పెద్దది చెయ్యి, అది పక్కకు జరుపు అని. ఆ ప్రకారం దిద్ది, ఎరుపు చెరిపేసి అచ్చెయ్యాలి. ఆర్నెల్ల క్రితం వీడు చెరపడం మర్చిపోయాడు. కొత్తగా తెరిచిన మందులషాపు గుమ్మంమీద, నవ్వుతున్న కుటుంబం నెత్తిన, “బావగారిని తీసెయ్యి” అన్న అక్షరాలతో సహా బోర్డు ఎక్కింది. బావగారు ప్రారంభానికి వచ్చి చదువుకున్నారు కూడా. ఆరోజు ఓనరు వేసిన కేక మా వీధిదాకా వినబడిందని వీడే చెప్పి నవ్వించాడు.

“ఎరుపంటే కరెక్షనే కదా అక్కా,” అంటున్నాడు. “‘కాదు’ అని రాశారు. ఏది కాదో రాయలేదు. రంగు కాదా? సైజు కాదా? ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. పిల్ల మొహం కాస్త పాలిపోయినట్టుంటే అదే కాదన్నారేమోనని రంగు పెంచి, ఆ మాట చెరిపేశా.”

“మామయ్యా,” అంది అమ్మాయి. “అది కరెక్షన్ కాదు. నా మాట.”

వాడు నావైపు చూశాడు, దానివైపు చూశాడు.

“నీ మాటా?”

“నా వీడియో చూడలేదా నువ్వు?”

“చూశానే! అంటే... ఇంటర్వెల్ దాకా చూశా.”

వేరే రోజయితే పడీపడీ నవ్వేవాళ్ళం. వాడు ఫ్లెక్సీ గుడ్డ చుట్టమీద కూలబడ్డాడు. “సొంత సినిమాను చూడొద్దని సొంతంగా బోర్డులు కట్టించుకుంటారని ఏ పిచ్చోడు అనుకుంటాడే? నేను బాగుచేశాననుకున్నా.”

వాణ్ణి తిట్టడానికే వెళ్ళాను. తిట్టలేకపోయాను. వాడి చోట నేనున్నా అదే చేసేదాన్ని. మాకు తెలిసిన లోకంలో కాదు అంటే కాదనే. దాన్ని కూడా సరుకులా అమ్ముతారని మా ఇద్దరిలో ఎవరికి తెలుసు? వాడికి పళ్ళ డాక్టరు దగ్గరి అమ్మాయి తల్లి సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లేచి తనంతట తానే ఓనరుకు ఫోను చేసి జరిగింది చెప్పాడు. ఫోను చెవికి జానెడు దూరంలో పట్టుకున్నా మాకు ప్రతి మాటా వినబడింది. చివరికి “సాయంత్రంలోగా సరిచేసి చావు” అన్నాడు ఓనరు. అంటే ఉద్యోగం ఉన్నట్టే.

రెండున్నరకు మొదలుపెడితే నాలుగింటికి నలభై “కాదు”లు అచ్చయ్యాయి. షాపులో వాళ్ళు నాలుగు జట్లుగా గమ్ము డబ్బాలు, నిచ్చెనలు పట్టుకుని బయల్దేరారు. కూడలిలో బోర్డు మాత్రం మావంతు.

“గమ్ముతో అంటిస్తే ఆ కూడలి గాలికి గంటలో లేచిపోతుంది,” అన్నాడు తమ్ముడు.

“కుడతాను,” అన్నాను.

ఇద్దరూ నన్ను ఎగాదిగా చూశారు. ఇంట్లో బల్బు మార్చడానికి నేను స్టూలెక్కను. మా ఆయన ఎక్కినా కింద నిలబడి వద్దు వద్దంటాను. కానీ దబ్బనం పట్టుకోవడం వాళ్ళిద్దరికీ రాదు.

చట్రం అడుగున మనిషి నిలబడేందుకు పలక ఉంది. మొదటి అంతస్తు ఎత్తు. తమ్ముడు ముందెక్కి చెయ్యందించాడు. అమ్మాయి కింద నిచ్చెన పట్టుకుంది. ఒక్కో మెట్టుకూ ఒక్కోరకం చావు కనిపించింది. జారిపడి ఒకటి, నిచ్చెన విరిగి ఒకటి, కరెంటు తీగ తగిలి ఒకటి. పైకి చేరాక కిందికి చూడలేదు. ముందుకే చూశాను. ముందు నా కూతురి కాలరు ఉంది. కుడివైపు మూలలో కుట్టు కాస్త వంకర పోయింది. ఇంట్లో ఎప్పుడూ కనబడని వంకర, గోడమీద జానెడుంది.

“అక్కా, ముందు మాట సంగతి చూడు. కాలరు తర్వాత సరిచేద్దువుగానీ,” అన్నాడు వాడు.

దబ్బనంలో నైలాను దారం ఎక్కించాను. పొద్దున ఎక్కని దారం ఇప్పుడు ఒక్కసారికే ఎక్కింది. వాడు పట్టుకుంటే నేను కుట్టుకుంటూ పోయాను. “కా” దీర్ఘమే నా మూరంత ఉంది. గాలి వచ్చినప్పుడల్లా నా కూతురి మొహమంతా ఊపిరి తీసుకున్నట్టు ఉబ్బుతోంది, మళ్ళీ గోడకు అంటుకుంటోంది. నాకు భయం మర్చిపోవడం రాదు. భయపడుతూనే కుట్టాను. “దు” కొమ్ము దగ్గర ముడివేసి, పంటితో దారం కొరికేసరికి అయిదూ ఇరవై.

దిగేటప్పటికి కింద యాభైమంది దాకా నిలబడి ఉన్నారు. మెడలెత్తి చదువుతున్నారు. అమ్మాయి నన్ను గట్టిగా పట్టుకుంది. ఇక ఎవరూ పోరు, ఊళ్ళో తల్లులందరూ ఇళ్ళకు తిరిగిపోతారు అనుకుని మొదటిసారి గుండెనిండా గాలి పీల్చుకున్నాను.

“ఓహో, కాదా!” అన్నాడు ఒకాయన.

“కాదంటున్నారంటే ఏదో గట్టిగానే ఉందిరా. ఆరింటికి టికెట్లున్నాయేమో చూడు,” అన్నాడు అతని పక్కనున్నవాడు.

నా చెవులను నేనే నమ్మలేదు. ఇద్దరు, నలుగురు, పదిమంది ఫోన్లు తీశారు. నా కూతురిమాట నేను చచ్చీచెడీ కుట్టుకొస్తే దానికిందే టికెట్లు కొంటున్నారు! ఒక పెద్దావిడ కూతురి చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. కూతురు చదివి, “ఇది వద్దులే అమ్మా, ఇంటికి పోదాం” అంది. నా ప్రాణం లేచొచ్చింది. ఆ పెద్దావిడ చెయ్యి విదిలించుకుంది.

“నేను చూడలేనని చెప్పడానికి వీళ్ళెవరే? పద.”

“వద్దమ్మా, అందులో తల్లిని చంపుతారు, చాలా ఘోరంగా ఉంటుంది,” అంటూ నేను అడ్డంపడ్డాను.

“నన్ను చంపరుగా,” అందావిడ. కూతుర్ని లాక్కుని వెళ్ళిపోయింది.

నేను అమ్మాయి మొహం చూశాను. ఏడుస్తుందనుకున్నాను. అది బోర్డువైపే చూస్తోంది, అటు మొహం, ఇటు మొహం ఒకదాన్నొకటి చూసుకుంటున్నట్టు.

“పోనీలే అమ్మా,” అంది. “నిన్న వెళ్ళినవాళ్ళు నేను చెప్పానని వెళ్ళారు. వీళ్ళు నేను వద్దన్నా వెళ్తున్నారు. ఆ తేడా నాకు చాలు.”

మర్నాటికి బోర్డు పూర్తి మాటతో ఉన్న ఫోటో దాని పేజీలో పెట్టింది. కింద మామయ్య తప్పని రాయలేదు. “ప్రింటింగులో ఒక మాట జారిపోయింది, మా అమ్మ కుట్టింది” అని రాసింది. తిట్టినవాళ్ళు కొందరు వెనక్కి వచ్చారు. కొందరు రాలేదు. వాళ్ళను లెక్కపెట్టొద్దని నాకు ఒట్టు పెట్టించింది.

శనివారం పళ్ళ డాక్టరు దగ్గరి అమ్మాయి కోటు పట్టుకుని వచ్చింది. ఎడమ చెయ్యి కుట్టమంది.

“అమ్మకెలా ఉందమ్మా?” అడగడానికి కూడా భయమేసింది.

“మోకాలు మానుతోంది. నడుస్తోంది.” కాస్త తటపటాయించింది. “రెండో సగంలో ఆ కొడుకు ఏం చేశాడో మీ అమ్మాయిని అడిగి రమ్మంది.”

నేను తెల్లబోయాను. మా అమ్మాయి మాత్రం స్టూలు జరిపి, ఆమెను కూర్చోబెట్టి, రక్తం దగ్గర రక్తం తగ్గించి, ఏడుపు దగ్గర ఏడుపు ఉంచి కథంతా చెప్పింది. ఆమె వెళ్ళాక తలుపేసి, ఫోను నిలబెట్టి, ఈ వారం సినిమా గురించి చెప్పడానికి కూర్చుంది. మా తమ్ముడు కూడా వచ్చి తగిలించిన ప్యాంట్ల వెనక చోటు చేసుకున్నాడు. ఈసారి చివరిదాకా వింటానని మాటిచ్చాడు.

“ఎలా చెప్పినా తోక చివరే కదమ్మా,” అంది అమ్మాయి. “మళ్ళీ ఎవరైనా కోస్తే?”

“అంచు మడవకుండా వదిలేస్తే ఎవరు లాగినా పోగులు ఊడొస్తాయి,” అన్నాను. “రెండువైపులా మడిచి కుట్టు.”

అది ఒక్కక్షణం ఆలోచించి నవ్వింది. ఫోనువైపు తిరిగింది.

“కాదు,” అని మొదలుపెట్టింది.

ప్యాంట్ల వెనకనుంచి మా తమ్ముడు గుసగుసగా అడిగాడు, “అక్కా, ఇది మాటేనా, కరెక్షనా?”